గోడ మీది మెలిక

వేగులపురం విద్యాపీఠంలో పేరుమోసిన గురువులకీ శిష్యులకీ ఒక రాతిగోడ ఉండేది. ఎవరి పేరు వాళ్లే దాని మీద సుద్దతో రాయాలి, ఆ గీతల వెంటే శిల్పి ఉలి నడపాలి. అదీ అక్కడి ఆచారం.

ఒకప్పుడు అక్కడే చదువుకున్న ప్రోలయ మంత్రి అయ్యాక దర్జాగా వచ్చాడు. చూస్తే గోడ నిండిపోయింది.

"ఆ నాగయాచార్యుల పేరు గీకేసి నాది చెక్కు. పసివాళ్లకి ఓనమాలు దిద్దించిన మనిషి కూడా గొప్పవాడేనా?" అన్నాడు.

శిల్పి బైరోజుకి మనసు చివుక్కుమంది. కాదంటే ఉద్యోగం ఊడుతుంది.

"చిత్తం దొరా. ముందు ఈ కింది అంచున మీ పేరు రాయండి, కొలత చూసుకుంటాను" అన్నాడు వినయంగా.

మంత్రి రాశాడు. తలకట్టు చివర తీగలా మెలి తిరిగింది. పైన నాగయాచార్యుల పేరులోనూ అచ్చం అదే మెలిక!

బైరోజు ఉలి కింద పెట్టాడు. "పైనున్న పేరంటే గీకేస్తాను. మీ పేరులో ఉన్న ఆయన చేతిని ఎలా తీసేది దొరా? మీరే ఇంకోలా రాసివ్వండి."

మంత్రి చెరిపి మళ్లీ రాశాడు. మళ్లీ అదే మెలిక. ఇంకోసారి రాయబోయిన వేళ్లు ఆగిపోయాయి. ఆ వేళ్లు పట్టుకుని ఇసుకలో దిద్దించిన ముసలి చెయ్యి గుర్తొచ్చింది.

"ఆయన పేరు ముట్టుకోకు" అన్నాడు. "ఆయన పాదాల దగ్గర ఈ అంచు చాలు నాకు. చిన్నగానే చెక్కు. మెలిక మాత్రం చెడగొట్టకు."