కట్టెల మేడ, జిగురు ఉండ

అనగనగా శంఖపాలుడని ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒక ఏడాది రాజుకు వణుకు పట్టుకుంది. ఎండలో కూర్చోబెట్టినా వణుకే, ఏడు కంబళ్ళు కప్పినా వణుకే. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే ఆయన ఏం ఆజ్ఞ ఇస్తున్నాడో మంత్రులకు అర్థమయ్యేది కాదు.

వైద్యుడు వచ్చి నాడి చూశాడు. "ఏడు సముద్రాల అవతల మంచుదేశం ఉంది. అక్కడ ఒక ఊళ్ళో, పోట్లాడుకున్న వాళ్ళే చివరికి చేతులు కలిపి ఒక మంట వెలిగిస్తారు. ఆ నిప్పు తెచ్చి పక్కన పెడితే తప్ప ఈ వణుకు పోదు. ఏడాదిలోగా తేవాలి" అన్నాడు.

పెద్దకొడుకు వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిపివాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఇక చిన్నవాడు సోమకేతు బయలుదేరాడు. తండ్రి కంబళి అంచు చింపి మణికట్టుకు కట్టుకున్నాడు. గడువు ఇంకా మూడు నెలలే ఉంది.

సముద్రం ఒడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. సోమకేతు దాన్ని తిరగేశాడు.

"మీ అన్నలూ ఇటే వెళ్ళారు. ఒకడు నా మీద కాలు పెట్టి పడవ ఎక్కాడు, ఇంకొకడు నవ్వి వెళ్ళాడు. నువ్వు నా వీపు మీద కూర్చో" అంది తాబేలు.

ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది.

మంచుదేశంలో ఎటు చూసినా తెలుపే. గడ్డకట్టిన వాగులో తోక ఇరుక్కుని ఒక నక్క ఏడుస్తోంది. సోమకేతు తన ఊపిరితో మంచును కరిగించి, తోకను మెల్లగా విడిపించాడు.

"నువ్వెందుకు వచ్చావో నాకు తెలుసు" అంది నక్క. "ఇక్కడ ఏటా చలికాలం చివర కట్టెలతో ఒక మేడ కడతారు. నలభై రెండేళ్ళ వాళ్ళు పైకెక్కి కూర్చుంటారు. పడుచువాళ్ళు కింద కాపలా కాస్తారు. మిగతా ఊరంతా కాగడాలతో మేడ మీద పడుతుంది. అది కాలితేనే చలి పోతుంది. కానీ హిమకంఠుడనే మాంత్రికుడు చలి పోతే కరిగిపోతాడు. అందుకని తన ప్రాణాన్ని ఒక పచ్చ చిలకలో పెట్టి, చిలకను మేడ నడుమ ఎండుగడ్డిలో దాచాడు. ఆ చిలక 'గెలిచాం' అని అరిస్తే, విన్నవాళ్ళు తర్వాత చెయ్యాల్సింది మరిచిపోతారు. మూడేళ్ళుగా మేడ కాలలేదు, మంచు కరగలేదు."

సోమకేతు ఊరు చేరేసరికి ఇళ్ళ చూరుల దాకా మంచు పేరుకుని ఉంది. పిల్లల బుగ్గలు పీక్కుపోయాయి. మేడ మీద మాత్రం మీసాలు మెలేస్తూ గొంజో అనే ఊరిపెద్ద కూర్చున్నాడు.

"ఎవరయ్యా పరదేశీ? మూడేళ్ళుగా మాకు ఓటమి లేదు, తెలుసా!"

కింద నుంచి ఆయన కూతురు అకారి కాగడా ఊపింది. "నాన్నా, నలభై రెండేళ్ళప్పుడు ఎక్కావు. ఇప్పుడు నీకు నలభై అయిదు. దిగవా?"

"పండగ అయిపోతే కదమ్మా దిగేది! ఇంకొంచెం గంజి పంపించు."

తెల్లగడ్డం ముసలాడొకడు మేడ పక్కన కింద నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. "శభాష్ గొంజో! నీలాంటి మొనగాడు లేడు. అస్సలు ఓడిపోకు!" వాడే హిమకంఠుడు.

పొద్దు వాలుతుండగా పోరు మొదలైంది. సోమకేతు కాగడా పట్టుకుని ఉరికాడు. కాపలాలోని ఇద్దరు దేవదారు కొమ్మలతో మొదట కాగడాను, తర్వాత అతన్ని బాదారు. చూస్తే వాళ్ళు అతని అన్నలే!

"అన్నయ్యా! నేను, మీ తమ్ముణ్ణి!"

"మాకు తమ్ముడేమిట్రా? మేం గెలిచేవాళ్ళం!" అని పెద్దవాడు ఇంకో దెబ్బ వేశాడు.

రెండోరోజు సోమకేతు రెండు చేతులా రెండు కాగడాలు పట్టుకుని మేడ అంచు దాకా వెళ్ళాడు. లోపలి నుంచి "గెలిచాం! గెలిచాం!" అని చిలక అరిచింది. అంతే. కాగడాలు మంచులో పడేసి, దిక్కులు చూస్తూ నిలబడిపోయాడు.

అకారి అతని చెయ్యి పట్టి తన నాయనమ్మ టోమె దగ్గరకు లాక్కెళ్ళింది. "ఏమయ్యా, ఎందుకొచ్చావో చెప్పు!"

"ఏమో" అన్నాడు సోమకేతు. ఆ మాటకు అతనికే భయం వేసింది.

టోమె అవ్వ అతని మణికట్టు తడిమింది. "ఈ గుడ్డపీలిక ఏమిటి నాయనా?"

సోమకేతు దాన్ని చెంపకు ఆనించుకున్నాడు. తండ్రి వణుకు గుర్తొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీ చెయ్యి దాచిపెట్టింది చూశావా?" అంది అవ్వ. "బుర్ర మరిచిపోతుందని భయమేస్తే, సంగతిని చేతికి అప్పజెప్పాలి. నేనూ అంతే. జిగురుబియ్యం దంచి ఉండ చేసి, ఏటా ఈ పుల్లకు గుచ్చుతాను. ఎందుకు గుచ్చుతానో మూడేళ్ళుగా తెలియడం లేదు. చేతులు మాత్రం ఆగవు."

సోమకేతు ఆ పుల్లను చూశాడు. అది రెండు నిలువుల పొడవుంది!

"అవ్వా, ఇది పొయ్యి మీద కాల్చుకునే పుల్ల కాదు. పొయ్యికి మూరెడు చాలు. దగ్గరకు పోలేనంత పెద్ద మంటకే ఇంత పొడుగు కావాలి."

అకారి చప్పట్లు కొట్టి లేచింది. "ప్రతి ఇంటి అటక మీదా ఇలాంటి పుల్లే ఉంది!"

మూడోరోజు సోమకేతు కాగడా ముట్టుకోలేదు. జిగురు ఉండ గుచ్చిన అవ్వ పుల్ల తీసుకుని, కాపలావాళ్ళ భుజాల మీదుగా ఎండుగడ్డిలోకి మెల్లగా జొనిపాడు. తిండి వాసన తగలగానే చిలక ఉండను పొడిచింది. ముక్కు అతుక్కుపోయింది! పుల్ల లాగితే చివర పచ్చగా చిలక వేలాడుతూ వచ్చింది. అదే క్షణాన హిమకంఠుడి నోరూ అతుక్కుపోయింది. శభాష్ అనబోతే "మ్... మ్..." అని మాత్రమే వచ్చింది.

ఆ నిశ్శబ్దంలో సోమకేతు తల ఎత్తి అడిగాడు. "గొంజో మామా! గెలిచాక ఏం చెయ్యాలి?"

గొంజో మీసం మెలేయబోయి ఆగాడు. చుట్టూ ఊరి ఆడవాళ్ళంతా ఉండలు గుచ్చిన పొడుగు పుల్లలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన ఒక్కొక్క పుల్లనూ చూశాడు. మూడేళ్ళు బిగబట్టిన నవ్వు ఒక్కసారి బయటికొచ్చింది.

"అయ్యో నా తెలివి మండా! దిగాలి! దిగి, కాగడా పట్టిన వాళ్ళ చెయ్యి పట్టుకోవాలి!"

దబ్బున మంచులోకి దూకి, కాగడా పట్టిన కూతురి చేతిమీద చెయ్యి వేశాడు. పైనున్న మిగతావాళ్ళూ దిగాక, తండ్రీ కూతురూ కలిసి మేడకు నిప్పు పెట్టారు. మంట ఆకాశానికి లేచింది. హిమకంఠుడు ముందు గడ్డం, తర్వాత ముక్కు, తర్వాత ఒళ్ళు కరిగి వాగులోకి పారిపోయాడు. చిలక ముక్కు ఊడదీసుకుని, "ఆకలి, ఆకలి" అంది. ఇక అది మామూలు చిలకే.

అన్నలిద్దరూ పరుగున వచ్చి తమ్ముణ్ణి కావలించుకున్నారు. "నిన్ను కొట్టింది ఎవడ్రా? చూపించు, వాడి సంగతి చెబుతాం!" అన్నాడు పెద్దవాడు. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఉండలు పొంగి, కాలి, ఘుమఘుమలాడాయి. తెల్లారేసరికి చూరుల నుంచి నీళ్ళు కారడం మొదలైంది.

నివురు కప్పిన నిప్పు కుండలో పెట్టుకుని, అన్నలతో, అకారితో, చిలకతో, మధ్యలో పుల్ల పట్టుకున్న టోమె అవ్వతో సోమకేతు తాబేలు వీపెక్కాడు. గడువుకు ఒక్కరోజు ముందు ఆ కుండను తండ్రి మంచం పక్కన పెట్టాడు. టకటక ఆగింది. రాజు ఇచ్చిన మొదటి ఆజ్ఞ పెళ్ళి గురించే.

సోమకేతు, అకారి పెళ్ళి చేసుకుని అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. ఏటా చలికాలం చివర కట్టెల మేడ కట్టించేవారు. అన్నలు పైన, రాజూ రాణీ కాగడాలతో కింద. పోరుకు ముందు రాజు, "గెలిచాక ఏం చెయ్యాలి?" అని అడిగేవాడు. పిల్లలెవరూ నోరు తెరిచేవారు కాదు. అందరూ ఒక్కసారిగా పుల్లలు పైకెత్తేవారు.

కథ ఇంతే. మరిచిపోయినా ఫరవాలేదు, పుల్ల మాత్రం అటక మీద పదిలంగా ఉంచుకోండి.