పరామర్శ మందు

అనగనగా ఒక అడవిలో కుందేళ్ల వాడ ఒకటి ఉండేది. అక్కడ ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే చాలు, చుట్టాలంతా తలో మందు పట్టుకుని పరామర్శకు వచ్చేవాళ్లు. తెచ్చినది తమ చేత్తోనే తాగించాలి. అందులో ఏముందని అడిగితే వాళ్లకు చిన్నతనం. ఇదేం మర్యాదో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు పిల్లలూ.

ఆ వాడలో పుల్లమ్మ అనే కుందేలు ఉండేది. ఆమె కూతురు మల్లికి జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది, ముక్కు కారుతోంది, కీళ్లు లాగేస్తున్నాయి.

పొద్దున్నే మేనత్త వచ్చి జ్వరానికని కషాయం తాగించింది. కాసేపటికి పిన్ని వచ్చి జలుబుకని లేహ్యం నాకించింది. ఆ వెనకే పెద్దమ్మ వచ్చి ఒళ్లునొప్పులకని ఉండలు మింగించింది. ఏముందని అడగాలని పుల్లమ్మకు నోటిదాకా వచ్చింది. బాగుండదని ఊరుకుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

జ్వరం చేత్తో తీసేసినట్టు పోయింది. నా మందు పనిచేసిందంటే నా మందు పనిచేసిందని ముగ్గురూ మురిసిపోయారు. నాలుగో రోజు మల్లి కడుపు పట్టుకుని వాంతులు చేసుకుంది. దాని కళ్లు పచ్చబడ్డాయి.

వైద్యుడు ముళ్లపందిని పిలిపించారు. ఆయన చుట్టాలు తెచ్చిన మూడు మందుల గిన్నెలూ వాసన చూశాడు.

"అమ్మా, ఈ మూడింట్లోనూ ఉన్నది ఒకటే మందు, తెల్లబెరడు," అన్నాడు.

చుట్టాలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మందు మంచిదే. ఒంట్లో ఎంత వేడి ఉండాలో చెప్పేది తల. ఈ మందు అక్కడికి వెళ్లి వేడి తగ్గించమంటుంది. నొప్పినీ అణుస్తుంది. జ్వరం తెచ్చిన జబ్బును మాత్రం ముట్టుకోదు. పనయ్యాక కాలేయం దాన్ని విరగ్గొట్టి బయటికి పంపుతుంది. అప్పుడు చిటికెడు విషం పుడుతుంది. చిటికెడైతే కాలేయమే కడిగేసుకుంటుంది. మీరు మూడింతలు పోశారు. ఇప్పుడు ఆ విషం కాలేయాన్నే తినేస్తోంది," అన్నాడు.

"ప్రేమకొద్దీ ఇచ్చాం కదయ్యా," అంది పెద్దమ్మ.

"కాలేయానికి ప్రేమ తెలియదమ్మా. కొలత తెలుసు."

వైద్యుడు విరుగుడు పోశాడు. బతుకుతుందో లేదో చెప్పలేనన్నాడు. రెండు రోజులు వాడంతా పచ్చి గడ్డి ముట్టలేదు. మూడో రోజు మల్లి కళ్లు తెరిచి ఆకలన్నది. పుల్లమ్మ భోరున ఏడ్చింది.

మేనత్త జావ కాచి తెచ్చింది. పిల్ల నోటి దగ్గర పెట్టబోయి ఆగింది.

"వదినా, ఇందులో జొన్నపిండి, ఉప్పు. ఇంకేమీ లేవు," అని ఎవరూ అడక్కుండానే చెప్పింది.

నీతి: మందుల పేర్లు వేరైనా లోపల ఉన్నది ఒకటే కావచ్చు. మొహమాటపడకుండా ఏముందో, ఎంత వేయాలో అడిగాకే మింగాలి.