నక్క సింగప్ప పెట్టిన ముద్రల మడుగు

ఎర్రగట్టు అడవిలో జంతువులకు ఒకరి సంగతి ఒకరికి తెలియకపోతే మేత సయించదు. ఇది ఈనాటి జబ్బు కాదు.

మొదట్లో ఏటి ఒడ్డున బండ మీద గోళ్లతో గీసుకునేవారు. "వచ్చాను, నువ్వు లేవు, మళ్లీ వస్తాను" అని ఓపిగ్గా గీస్తే, అవతలివారు నాలుగు రోజులకు ఓపిగ్గా చదివేవారు. తర్వాత వడ్రంగిపిట్ట మద్దిచెట్టు బెరడు మీద ఎవరి విశేషాలు వాళ్లకు చెక్కిపెట్టడం మొదలుపెట్టింది. పిల్లలు పుట్టినా, పన్ను ఊడినా బెరడుకెక్కాల్సిందే. కుర్ర కుందేళ్లన్నీ అక్కడే తిష్ఠ వేశాయి. అంతలో వాటి మేనత్తలూ పెద్దమ్మలూ కూడా అక్కడికే చేరి, "ఏరా, చిక్కిపోయావేం?" అని అందరి ముందూ అడగడం మొదలుపెట్టారు. కుర్రకారు మెల్లగా జారుకుంది.

అప్పుడొచ్చింది చిలకల కొమ్మ. ఏం చెప్పినా ఏడు మాటల్లో చెప్పాలి, ఎనిమిదోది చిలక వినదు. ఏడు మాటల్లో మంచి చెప్పడం కష్టం, తిట్టడం తేలిక. అందుకని ఆ కొమ్మ కింద రోజూ కొట్లాటే. విసుగెత్తి అందరూ నెమలి దగ్గర చేరారు. అక్కడ మాటలే అక్కర్లేదు, రెండు గంతులు వేస్తే చాలు. ఏనుగు కూడా వేసింది. ఆ సంగతి ఇప్పుడు వద్దులెండి.

ఈ వేలంవెర్రి అంతా చూసిన నక్క సింగప్ప ఒకనాడు ఏటి పక్కన చదునుబండ ముందు నేలంతా తడిపి బురద చేశాడు.

"బండెక్కి పాడండి, ఆడండి, ఏడవండి! నచ్చినవాళ్లు బురదలో కాలిముద్ర వేస్తారు. ఎవరికి ఎక్కువ ముద్రలుంటే వాళ్లే గొప్ప!"

తాబేలు కూర్మయ్య తల బయటికి పెట్టాడు. "ఒక్కడే వంద ముద్రలు వేసుకుంటే?"

"బాగా అడిగావు తాతా! ఒకసారి వస్తే ఒక్క ముద్రే. అదీ ఇంటి గుమ్మం నుంచి ఇక్కడిదాకా జాడ కనబడేలా నేల మీదే నడిచి రావాలి. జాడ లేనిది దొంగ ముద్ర. లెక్క సరిచూసే పెద్దరికం నీదే."

అందరూ శభాష్ అన్నారు. పిట్టలు సైతం ఎగరడం మానేసి నడిచొచ్చాయి. సింగప్ప మాత్రం ఏటి నీళ్లలోనే వచ్చి నీళ్లలోనే పోయేవాడు. గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయినందుకు కొండ కింది మందకుక్కలు అతని కోసం వెతుకుతున్నాయి మరి.

వారం తిరక్కుండా కుందేలు పిల్లలు రెండు మాయమయ్యాయి. తీతువు గుడ్లు పోయాయి. తల్లులు బండెక్కి ఏడ్చారు. ముద్రలు బాగానే పడ్డాయి.

కౌజుపిట్ట ఓబులక్కకు కలివిపొదలో తొమ్మిది గుడ్లున్నాయి, మూడు రోజుల్లో పిల్లలవుతాయి. తీతువును ఓదార్చి తిరిగొస్తూ ఆమె తన జాడే చూసుకుంది. బురద నుంచి పొదదాకా పాపిట తీసినట్టు తిన్నగా ఉంది. పిల్లలు పోయిన ఇళ్లకూ ఇలాంటి జాడలే ఉన్నాయి, జాడ లేనిది సింగప్ప ఒక్కడికే. ఆమె గుడ్లను వేరేచోటికి మోసుకుపోనూలేదు, నక్కతో పోట్లాడనూలేదు. తిన్నగా సింగప్ప దగ్గరికే వెళ్లింది.

"అన్నా, అందరికీ ముద్రలు పంచిపెట్టావు. నీకొక్కటీ లేదేం?"

"నాకెందుకు చెల్లెమ్మా! నేను సేవకుణ్ణి."

"నేనూ అదే అన్నాను. కప్ప వింటేనా? నూట పది ముద్రలొచ్చాయని దానికి కన్నూమిన్నూ కానడం లేదు. 'మడుగు పెట్టడం వచ్చుగానీ పాడటం రాదు పాపం' అంటోంది నిన్ను."

"కప్పా! నన్నా!"

సింగప్ప బండెక్కి, మెడ సాచి, కళ్లు మూసి ఊళ వేశాడు. కళ్లు తెరిచేసరికి మూడే ముద్రలున్నాయి. ఒకటి ఓబులక్కదే.

సింగప్ప దిగొచ్చి తనే ఒక ముద్ర వేసుకోబోయాడు.

"జాడేదీ?" అన్నాడు కూర్మయ్య.

"తాతా, ఇది పెట్టిందే నేను కదా!"

"పెట్టినవాడికి వేరే కట్టుబాటు ఉందని నువ్వు చెప్పలేదే."

కప్ప కిసుక్కుమంది. దాన్ని చూసి అందరూ నవ్వారు. సింగప్పకు తల కొట్టేసినట్టయింది. ఇంకో నూట ఎనిమిది వేస్తే కప్పను దాటొచ్చు. ఇంటికి పోయాడు, నేల మీద నడిచొచ్చాడు, ముద్ర వేశాడు. మళ్లీ పోయాడు, మళ్లీ వచ్చాడు. మొదటి నాలుగైదుసార్లు ఇటూ అటూ చూసుకుంటూ నడిచాడు. పదోసారికి కుక్కలు గుర్తులేవు. ఇరవయ్యోసారికి ఆకలి గుర్తులేదు. కలివిపొద పక్కనుంచే పోతున్నా లోపలికి తొంగిచూడలేదు.

"ఎంత గుంటనక్కయినా పొగడ్త దగ్గర పిల్లకాయే" అన్నాడు కూర్మయ్య, ఓబులక్క వైపు చూసి.

"గట్టిగా అనకు తాతా, ఇంకో రోజు తిరగనీ."

మూడో రోజు మధ్యాహ్నానికి నూట ఏడయ్యాయి. బురద నుంచి సింగప్ప బొరియదాకా బండిబాటలా దారి పడింది. "ఒక్కటి, ఇంకొక్కటే!" అనుకుంటూ సింగప్ప ఇంటికి పరిగెత్తాడు. గుమ్మం ముందు మూడు కుక్కలు కూర్చుని ఉన్నాయి. మంద నీళ్లకు దిగినప్పుడు ఆ దారి చూసి వచ్చాయి.

"రావయ్యా సింగప్పా!" అంది పెద్ద కుక్క. "ఏడాదిగా వెతుకుతున్నాం. దారి ఎంత బాగా వేశావు! మాకు తెగ నచ్చింది. ముద్ర వేసి పోదామని వచ్చాం."

వేసింది. సరిగ్గా తోక మొదట్లో వేసింది. సింగప్ప పెట్టిన కేక పాతికమంది విన్నారు. అతను గట్టు దాటి, పక్క అడవీ దాటి పోయాడంటారు.

ఆ సాయంత్రమే కలివిపొదలో తొమ్మిది పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని వచ్చాయి. ఓబులక్క ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. కప్ప గెంతుకుంటూ వచ్చింది.

"బండెక్కి చెప్పు ఓబులక్కా! నూట యాభై ముద్రలు ఖాయం!"

"తొమ్మిది మంది నా రెక్కల కింద ఉన్నారు. నాకు ఆ లెక్క చాలు" అంది ఓబులక్క. వాటిని పొదివి పట్టుకుని, కదలకుండా కూర్చుంది.

ఎదుటివాడి ఇల్లు కనుక్కోవడానికి వేసిన దారి మన ఇంటికీ వస్తుంది.