దస్తగిరి చేతులు ఆగిన చోటు

చాంద్ పార్టీ పాటలను తన గొంతుతో కొత్తగా పాడి, ఆల్బంగా వాళ్లకే అంకితం ఇవ్వాలని జిలానీ కోరిక. ఆదోని చుట్టుపక్కల దర్గా ఉరుసుల్లో ముప్ఫై ఏళ్లు ఖవ్వాలీ పాడిన నలుగురి జట్టు అది. చిన్నప్పుడు వాళ్ల క్యాసెట్లు వినడం వల్లే జిలానీ పాటల్లోకి వచ్చాడు. ఏడు పాటలు తయారయ్యాయి. ఎనిమిదోది ఎటూ తేలక గురువు కరీముల్లా దగ్గరికి వచ్చాడు.

“ఉస్తాద్, ఇందులో మూడో చరణం ముందు వాళ్లు తాళం తప్పారు. కాసేపు ఏ పాటా లేదు, డోలకూ లేదు. ఏ క్యాసెట్టు విన్నా అంతే. నేను అక్కడ హార్మోనియంతో నింపి సరిచేశాను. అయినా పాటకు ప్రాణం రావడం లేదు.”

కరీముల్లా చెప్పులు వేసుకున్నాడు. “హార్మోనియం తీసుకో. పద,” అన్నాడు.

రెండు వీధుల అవతల దస్తగిరి ఇల్లు. ఆ నలుగురిలో మిగిలింది డోలక్ వాయించే ఈయనొక్కడే. పాటలెందుకు మార్చావని అంటాడేమోనన్న భయంతో జిలానీ ఎన్నడూ ఆ గడప తొక్కలేదు.

“భాయ్, మావాడు మీ పాటలు పాడుతున్నాడు. ఒకటి విను,” అన్నాడు కరీముల్లా.

దస్తగిరి మంచం కింద నుంచి డోలక్ లాక్కున్నాడు. జిలానీ ఆ ఎనిమిదో పాట ఎత్తుకున్నాడు. పల్లవి వరస కొత్తది. ముసలాయన వేళ్లు కాస్త తడబడి, అంతలోనే దారి పట్టుకున్నాయి. ముఖం వెలిగింది.

మూడో చరణం దగ్గర డోలక్ ఆగిపోయింది. జిలానీ హార్మోనియం మోగుతూనే ఉంది. దస్తగిరి చేతులు గాలిలో నిలిచి ఉన్నాయి. జిలానీ పాట ఆపేశాడు.

“తప్పు నాదే బేటా. అక్కడ చేతులు వాటంతటవే ఆగుతాయి,” అన్నాడు దస్తగిరి. “ఆ చరణం పాడే మా హుసేన్ పీరాకు ఉబ్బసం. అదేమో పై స్వరంలో ఎక్కడో మొదలవుతుంది. వాడికి ఊపిరి అందేదాకా ముగ్గురం ఆగేవాళ్లం. ఇంకొకరం ఎత్తుకుంటే వాడి మనసు నొచ్చుకుంటుందని.”

జిలానీ దగ్గరికి జరిగి, ఆ చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

“నన్ను పాటగాణ్ని చేసింది మీరే చాచా. ఇన్నేళ్లలో ఒక్కసారి వచ్చి ఆ మాట చెప్పలేకపోయాను.”

“ఇప్పుడు వచ్చావు కదా. వాళ్లు ముగ్గురూ కూడా ఉంటే బాగుండేది,” అన్నాడు దస్తగిరి. “ఏదీ, ఇంకొకటి పాడు.”

మిగతా ఏడు పాటలూ అయ్యేసరికి సాయంత్రపు అసర్ నమాజు వేళయింది.

తిరిగి వస్తూ దారిలో జిలానీ అడిగాడు: “అయితే ఆ పాటలో ఏమీ మార్చకూడదా ఉస్తాద్?”

“తెలియక మార్చావు, అందుకే అతకలేదు. ఎవరి కోసం ఆగారో ఇప్పుడు తెలిసింది కదా,” అన్నాడు కరీముల్లా. “ఇక మార్చు.”