కండెకి కడుపు కుదిరిన కథ

అనగనగనగా, ఏటి గట్టు పక్కన ఒక ఊళ్ళో ఒక నేతగాళ్ళ వీధి ఉండేది తల్లీ. ఊఁ కొట్టు మరి! నువ్వు ఊఁ కొడితేనే నా కథ నడుస్తుంది. మంచం ఆ చివర నిద్ర నటిస్తున్న మీ అన్నని కూడా ఊఁ కొట్టమను.

ఆ వీధిలో పొద్దు పొడవగానే పడుగులు పరిచేవాళ్ళు. పడుగంటే చీరకి పొడుగునా పోయే దారాలు. వాటిని వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా గుంజలకి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టేవాళ్ళు. పడుగంటే వాళ్ళకి సాక్షాత్తూ లక్ష్మీదేవి. పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకునేవాళ్ళు.

ఆ వీధిలో నాంచారమ్మ అని ఒకావిడ. నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. పగలంతా రాట్నం తిప్పుతూ కండెలకి, అంటే మగ్గంలో పెట్టే చిన్న పుల్లలకి, నూలు చుట్టేది. చేతిలో దారం ఆగినా నోట్లో నారాయణ నామం ఆగేది కాదు.

ఒకనాడు వానలో తడిసి, గజగజా వణుకుతూ ఒక కుక్కపిల్ల ఆవిడ అరుగెక్కింది. తల్లి ఏమయిందో ఆ స్వామికే తెలియాలి. నూలు చుట్టిన కండెంత ఉంది, అంతే.

"వచ్చావా నా నాయనా!" అంది నాంచారమ్మ, తనే దాన్ని రమ్మని కబురు పెట్టినట్టు. కొంగుతో తుడిచి, కండె అని పేరు పెట్టింది. ఆ తర్వాత ఆవిడ రాట్నం తిప్పుతుంటే అది ఒళ్ళో పడుకునేది. ఆ ఇంట్లో ఇంకో ప్రాణి ఊపిరి వినబడి ఎన్నాళ్ళయిందో!

ఇక ఆ వీధిలో ఒక ఆచారం. మగ్గం మీంచి చీర దించిన నాడు ఆ ఇల్లాలు ఏదో ఒకటి కమ్మగా వండి వీధంతా పంచాలి. నోరున్న ప్రతి ప్రాణికీ వాటా. వాటా వద్దంటే ఆ మగ్గానికి కీడు. మరి కండెకీ నోరుందిగా?

మొదట అచ్చాయమ్మ ఇంట్లో చీర దిగింది. గిన్నెడు పరమాన్నం, దాని మీద గరిటెడు నెయ్యి. కండె గిన్నె కూడా నాకేసింది.

ఆ తర్వాత సుందరమ్మ ఇంట్లో దిగింది. చిక్కటి గేదెపాలలో మీగడ తేలుతున్న సేమియా.

ఆ తర్వాత వీధి పెద్ద భావనయ్య ఇంట్లో దిగింది. ఆయన భార్య బసవమ్మ చెయ్యి పెద్దది. ఆవపెట్టిన పులిహోర తెచ్చి, "తిను నాన్నా, బలం రావాలి" అని దోసెడు పెట్టింది.

అప్పుడు కండె కడుపులో గుడగుడ మొదలయింది. మొదట దొడ్డికి మెత్తగా అయింది. ఆ తర్వాత పలచన. ఆ తర్వాత ఉత్త నీళ్ళు! నవ్వకు తల్లీ, పాపం దానికి నొప్పి. అయిపోయాక వెనక్కి తిరిగి చూసుకుని, చెవులు వాల్చుకుని గోడ మూలకి పోయేది.

నాంచారమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. తగ్గలేదు. స్వామికి మొక్కుకుని చక్కెర పొంగలి వండింది. నైవేద్యం పెట్టి, నెయ్యి కారుతున్న ఆ పొంగలంతా కండెకే తినిపించింది. ప్రసాదం కదా, తగ్గకపోతుందా అనుకుంది పిచ్చితల్లి. స్వామికేం తల్లీ, చూపుతో ఆరగిస్తాడు. కండె కడుపుతో అరిగించుకోవాలిగా!

మర్నాడు పొద్దున్నే కండె ఆగలేక వీధిలోకి పరుగెత్తింది. పరుగెత్తి పరుగెత్తి ఎక్కడ ఆగిందనుకున్నావ్? భావనయ్య పడుగు కింద. అంతే! రామ రామ, తెల్లటి నూలు మీదంతా పచ్చగా చిందింది.

భావనయ్య కుంచె విసిరికొట్టాడు.

"నాంచారక్కా! లక్ష్మి మీద చేయించావే!"

"పసిది తమ్ముడూ, కడుపు బాగాలేదు దానికి."

"శుక్రవారం కొత్త పడుగు పరుస్తున్నా. అప్పటికి దీని కడుపు కుదిరిందా, ఉంచుకో. లేదా, నేనే తీసుకెళ్ళి ఏటవతలి తుప్పల్లో వదిలేస్తా."

ఏటవతల నక్కలుండేవి తల్లీ.

నాంచారమ్మ కండెని ఒళ్ళో వేసుకుని ఏడ్చింది. ఏడుస్తూ దాని పొట్ట నిమిరింది. ఆ పొట్టంతా కలిపినా ఆవిడ అరచేయి నిండలేదు. అప్పుడు ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"నారాయణా! మనిషి బిడ్డకైతే అన్నప్రాశన నాడు మెతుకు నాలిక్కి రాస్తాం. ఆ తర్వాత కూడా రోజుల తరబడి మెత్తటి గుజ్జే పెడతాం. మొన్నటిదాకా తల్లిపాలు తాగిన దీనికి ఒక్కసారే పెళ్ళిభోజనాలు పెట్టామే!"

అప్పుడు లేచి బియ్యం మెత్తగా, మరీ మెత్తగా ఉడికించింది. ఉప్పు లేదు, నెయ్యి లేదు, పాలు లేవు. చల్లార్చి వేలితో మెదిపి ఒక చిన్న ముద్ద పెట్టింది. కాసేపాగి మరో ముద్ద. కాచి చల్లార్చిన నీళ్ళు పక్కనే ఉంచింది, పోయిన నీళ్ళు లోపలికి రావాలిగా. మర్నాటికి గుడగుడ కాస్త తగ్గింది. కండె తోక కూడా కొంచెం లేచింది.

కానీ ఆ రోజే మళ్ళీ చీరలు దిగాయి. ఒకటి కాదు, మూడిళ్ళలో!

అచ్చాయమ్మ బొబ్బట్లు తెచ్చింది. "ఇవాళ దానికేం పెట్టకమ్మా" అంది నాంచారమ్మ.

"అదేంటత్తా? మా ఇంటి బొబ్బట్టు మీ కండెకి చేదా? మా మగ్గం ఆడొద్దా?"

పాపం, ఏమంటుంది? వాటా వద్దంటే కీడు, పెడితే కండెకి కీడు. "ఇలా ఇవ్వు, లోపల పెడతాలే" అని తీసుకెళ్ళి, స్వామికి దణ్ణం పెట్టి, తన వాటాతో పాటు కండె వాటా కూడా తనే తినేసింది. ఆ తర్వాత సుందరమ్మ గారెలొచ్చాయి. అవీ తినేసింది. ఆ తర్వాత బసవమ్మ పెద్ద చెయ్యి పులిహోర. కళ్ళు మూసుకుని అదీ తినేసింది!

సాయంత్రమయ్యేసరికి నాంచారమ్మ కడుపులో గుడగుడా గుడగుడా! చెంబు పట్టుకుని పెరట్లోకి ఒక పరుగు. వచ్చి కూర్చుందో లేదో మళ్ళీ పరుగు. మూడోసారి గడపలోనే బసవమ్మ ఎదురయింది.

"ఏంటొదినా, చెంబుతో ఈ ఊరేగింపు?"

"దారి వదులు తల్లీ! వచ్చి చెబుతా!"

వచ్చాక, గోడకి చేరబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "కండె వాటాలు నేను తిన్నానమ్మా. మీ మగ్గాలకి కీడు రాకూడదు, దానికీ రాకూడదు."

బసవమ్మ పకపకా నవ్వబోయింది. అప్పుడే కండె వచ్చి ఆవిడ పాదం మీద గడ్డం ఆనించింది. బసవమ్మ నాంచారమ్మ పొట్ట చూసింది. కండె పొట్ట చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఇంత మనిషివి, నీకే ఇలాగుంటే, ఇది ఎంత నొప్పి పడిందో వదినా! ఆవపులిహోర, నా ఈ చేత్తోనే పెట్టానే!"

అప్పుడు బసవమ్మ ఇల్లిల్లూ తిరిగి, ఇకనుంచి కండె వాటా అంటే ఉప్పూ నెయ్యీ లేని మెత్తటి ముద్దేనని చెప్పింది. మొగుడికి మాత్రం అన్నం వడ్డిస్తూ, తీరిగ్గా చెప్పింది.

శుక్రవారం వచ్చింది. భావనయ్య కొత్త పడుగు పరిచాడు. వీధి వీధంతా అరుగుల మీదికొచ్చి నిలబడింది. నాంచారమ్మ నోట్లో నారాయణ నామం జోరందుకుంది.

కండె గడప దిగింది. నేల వాసన చూసింది. గుండ్రంగా తిరిగింది, ఇంకోసారి తిరిగింది. భావనయ్య చేతిలో కుంచె గాల్లోనే ఆగింది. అప్పుడు కండె చిన్నగా నడుస్తూ పడుగు దాటి, ఆముదం మొక్కల వెనక్కి వెళ్ళింది.

బసవమ్మ తొంగి చూసింది.

"గట్టిగా వచ్చిందర్రోయ్!"

వీధంతా చప్పట్లు! ఆ పనికి అంత గౌరవం ఈ భూమ్మీద ఏ ప్రాణికీ జరిగి ఉండదు తల్లీ. నాంచారమ్మ ఆకాశానికి దణ్ణం పెట్టి, దాన్ని ఎత్తి గుండెకి హత్తుకుంది.

భావనయ్య గొంతు సవరించుకున్నాడు. పడుగు వంక చూస్తూనే, "ఊఁ. దానికి ఆకలిగా ఉంటుంది, ఒక ముద్ద పెట్టండి" అన్నాడు.

"ఉప్పు లేకుండా!" అంది వీధంతా ఒక్క గొంతుతో.

చిట్టి పొట్టకు చిట్టి ముద్ద,
చిట్టి కంటికి కునుకే ముద్దు.
కథేమో కంచికెళ్ళి చీర కట్టింది,
మనకేమో ఇంట్లోనే నిద్ర పట్టింది.