తొమ్మిది చిలకల సగటు వయసు

అనగనగా ఒక రాజు. చెవులిటు వేసి వినండి, పిల్లలూ. ఆ రాజు కంబళపురాన్ని ఏలేవాడు. ఆయనకు ఒక్కడే కొడుకు, జయధీరుడు. గాజులమ్మే సింగారి దగ్గరికి వారంవారం వచ్చి, లేని చెల్లెలి కోసం గాజులు కొనుక్కుపోయేవాడు. ఎందుకు కొంటున్నాడో సింగారికి తెలుసు. తెలిసీ బేరంలో తగ్గేది కాదు.

ఒకనాడు ధూమ్రజటుడనే మాంత్రికుడు రాకుమారుణ్ణి ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల తన దీవిలో రాతిబొమ్మను చేశాడు. "మూడు పరీక్షలు నెగ్గినవాళ్ళు విడిపించుకోవచ్చు, ఓడినవాళ్ళు రాయే" అని కబురంపాడు. వాడికొక శాపం ఉందని ఊరూరా తెలుసు. అంకెల్లో అబద్ధమాడితే తల పగిలిపోతుంది. అందుకని నిజం చెప్పే మోసం చేయడం నేర్చుకున్నాడు.

పెద్దమంత్రి వెళ్ళాడు, రాయయ్యాడు. చిన్నమంత్రి వెళ్ళాడు, రాయయ్యాడు. ఇక సభలో ఒక్కడూ కదల్లేదు, అందరికీ ఒక్కసారే కాళ్ళ నొప్పులు వచ్చాయి. అప్పుడు సభ చివర కూర్చున్న సింగారి భుజాన ఉన్న గాజుల మలారం దించి లేచింది.

"నువ్వా? మంత్రులవల్లే కాలేదే!" అన్నాడు రాజు.

"మంత్రులు ఎన్నడైనా ఒక చెయ్యి పట్టుకుని కొలత చూశారా, ప్రభూ?" అని బయల్దేరింది.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు కనిపించింది. "నేను నెమ్మదే గానీ మధ్యలో ఆగను, ఎక్కమ్మీ" అంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

దీవిలో మాంత్రికుడు తొమ్మిదిమంది దాసీలను నిలబెట్టాడు. "అందరికీ ఒకే కొలత గాజులు ఎంచు. సగానికి పైగా చేతులకు సరిపోవాలి."

పక్కనే పెద్దమంత్రి రాయై ఉన్నాడు. ఆయన కొలతలన్నీ కలిపి తొమ్మిదికి పంచాడట. ఆ గాజు సన్న చేతులకు జారిపోయింది, లావు చేతులకు ఎక్కనే లేదు.

"అయ్యో మంత్రీ, కలిపి పంచితే వచ్చే చెయ్యి ఏ ఆడదానికీ ఉండదయ్యా" అంది సింగారి. ఒక్కో చెయ్యీ పట్టి చూసింది. అయిదుగురివి సన్నవి, ఒకే కొలత. నలుగురివి లావువి. ఎక్కువమందిది ఏదో ఆ సన్న కొలతే ఎంచింది. అయిదు జతలు గలగలమన్నాయి.

రెండో పరీక్షకు ఏడు చీమలు వచ్చాయి. నాలుగు చీమలు తలా ఒక గింజ తెచ్చాయి. ఒకటి అయిదు తెచ్చింది, రెండు ఆరేసి తెచ్చాయి. "ఏమీ మిగలకుండా సమానంగా పంచు."

ఇక్కడ రాయైనవాడు చిన్నమంత్రి. ఎక్కువ చీమలు తెచ్చింది ఒక్కటే కదా అని తలా ఒకటి ఇచ్చాడట. పద్నాలుగు గింజలు నేలపాలయ్యాయి.

"ఇది గాజు కాదు, కూడు" అంది సింగారి. అన్నీ ఒక్కచోట కుప్పపోసి తలా మూడు పంచింది. "ఇన్నాళ్ళకు కడుపు నిండిందక్కా, నీ మేలు మరవం" అన్నాయి బక్క చీమలు.

మాంత్రికుడి మొహం మాడిపోయింది. మూడో పరీక్షకు తొమ్మిది చిలకలున్న పందిరి కిందికి తీసుకుపోయాడు. చీమలూ వెంట నడిచాయి. అన్నీ ఒకే పచ్చన, ఒకే ఎర్ర ముక్కు.

"వీటిలో ఒకదానిలో నా ప్రాణం ఉంది, పట్టుకో. వేరేదాన్ని ముట్టుకున్నావో, రాయివే. తొందరపడకు, అందరూ పెద్దవాళ్ళు. సగటు వయసు నూరేళ్ళు" అని ఇకిలించాడు.

రాకుమారుడి రాతిబొమ్మ అక్కడే ఉంది. సింగారి దాన్నొకసారి చూసింది. తప్పితే ఇద్దరూ రాళ్ళే. అయినా చిలకలకేసి తిరిగి, "ఏమ్మా, మీ వయసులెంత?" అని అడిగింది.

మూడు చిలకలు మూడేళ్ళన్నాయి. మూడు నాలుగేళ్ళన్నాయి. మూడు అయిదేళ్ళన్నాయి. వయసు ప్రకారం వరసగా నిలబెడితే నడుమ నిలిచినదానికి నాలుగేళ్ళు.

"నడుమదానికి నాలుగు, సగటు నూరా?" సింగారి వేళ్ళు మడిచింది. "నూరు తొమ్మిదిసార్లంటే తొమ్మిది వందలు. మీరు చెప్పినవన్నీ కలిపితే ముప్పయ్యారు. మాంత్రికుడు అంకె అబద్ధమాడలేడు. మీలో ఎవరో వందల ఏళ్ళు మింగి పసిపిల్లలా కూర్చున్నారు!"

మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది.

"తొమ్మిదీ తాతలే అనుకున్నాను. ఉన్నది ఒక్క తాత, వయసు దాచినదానిలోనే ప్రాణమూ దాగింది. చీమలూ, కాస్త గోళ్ళు చూసి చెప్పండమ్మా!"

చీమలు పందిరెక్కాయి. "అక్కా, ఎనిమిదింటివి లేత గోళ్ళు. అయిదేళ్ళన్న ఈ తాత గోళ్ళు మాత్రం అరిగి మొద్దుబారాయి!"

సింగారి లటుక్కున దాన్ని పట్టుకుంది.

"మెడ నులమకు తల్లీ!" అని మాంత్రికుడు కాళ్ళమీద పడ్డాడు.

"నులమను. రాళ్ళన్నిటినీ మనుషుల్ని చెయ్. చిలక మాత్రం నా దగ్గరే ఉంటుంది. మళ్ళీ మంత్రం నోట వచ్చిందో, చూసుకో!"

రాకుమారుడు కళ్ళు తెరిచాడు. ఎదురుగా సింగారి. "గాజులు... మా చెల్లెలికి..." అని నసిగాడు.

"ఇంకా ఆ చెల్లెలు బతికే ఉందా?" అంది సింగారి. ఇద్దరూ నవ్వారు.

పెళ్ళి పందిట్లో రాజు మీసం దువ్వాడు. "కోడలా, మన రాజ్యంలో ఇంటికి సగటున పది ఆవులు!"

"మీ ఆవుల కొట్టం పక్కనపెట్టి చెప్పండి మామగారూ" అంది సింగారి. రాజు పక్కనపెట్టి చూశాడు. ఇళ్ళను ఆవుల లెక్కన వరసపెడితే నడుమ ఇంటికి ఒక్క ఆవే తేలింది. చివరి ఇళ్ళకు అదీ లేదు. మర్నాడే రాజుగారి కొట్టం తలుపులు తెరుచుకున్నాయి, ఆవులు ఊళ్ళోకి నడిచాయి.

సింగారీ జయధీరుడూ అరవయ్యేళ్ళు చల్లగా ఏలారు. ఏటేటా ఆమె ఇళ్ళన్నిటినీ కలిమి ప్రకారం వరసపెట్టించి, నడుమ ఇంట్లో ఎలా ఉన్నారని అడిగేది. ఆ తరవాత నడుచుకుంటూ చివరి ఇంటికి పోయి, అక్కడ పొయ్యి వెలిగింది చూసి గానీ తన కంచం ముందు కూర్చునేది కాదు.