మంగతాయారు మూడు ప్లగ్గులు

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ గట్టు మీద ఊళ్ళో, మంగతాయారు అని ఒకావిడ ఉండేది. ఆవిడకి వంటిల్లే లోకం. కానీ ఈమధ్య ఇస్త్రీపెట్టె ఆపడం మరిచిపోయి మంచి దుప్పటి ఒకటి మాడ్చేసింది.

అప్పుడు కూతురు జలజ వచ్చింది. మూడు స్మార్ట్ ప్లగ్గులు తెచ్చింది. ఒకటి ఇస్త్రీపెట్టెకి. పావుగంట కాగానే అదే ఆగిపోతుంది. ఒకటి కెటిల్‌కి. పొద్దున్నే అయిదింటికి డికాక్షన్‌కి నీళ్ళు కాచి పెడుతుంది. ఇంకొకటి దోమల మందు మిషన్‌కి. సాయంత్రం ఆరింటికి అదే వెలుగుతుంది. ఆ వేళలన్నీ ఫోన్లో ఎలా పెట్టాలో తల్లికి నేర్పింది.

"అమ్మా, ఇవి ఉండి కూడా మరిచిపోయావంటే ఇక పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దు. వంటమనిషిని పెట్టేస్తాను," అని చెప్పి వెళ్ళింది.

వంటిల్లు పోతుందన్న భయంతో మంగతాయారు ఆ రాత్రి ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకుంది.

మర్నాడు పొద్దున్న లేచి చూస్తే కెటిల్లో నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఫోన్లో చూస్తే అయిదు అనే ఉంది. ఆ అయిదు నిన్న పెట్టిందా, ఇప్పుడు తడుముతుంటే పడిందా? ఆవిడకే తెలియలేదు.

ఆ తర్వాత రోజు సాయంత్రం దోమల మిషన్ వెలగలేదు. భర్త జోగారావు కాళ్ళు గోక్కుంటూ, "దీనికంటే నా విసనకర్ర నయం కదటే తాయారూ," అన్నాడు. ఆవిడ వేళలన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఆ కాగితాన్ని గంటకోసారి చదువుకుంది.

మూడోరోజు మధ్యాహ్నం ఇస్త్రీపెట్టె ఆన్ చేసి, పెరట్లో ఆరిన బట్టలు తెద్దామని వెళ్ళింది. అయిదు నిమిషాల్లో వచ్చేసరికి పెట్టె చల్లారిపోతోంది. బట్టల కుప్ప మీదే కూలబడింది. ఇక అయిపోయింది, వంటిల్లు పోయినట్టే అనుకుంది.

అప్పుడు హాల్లోంచి టక్, టక్ అని వినిపించింది. తొంగి చూసింది. జోగారావు గోడ వెంబడి నడుస్తున్నాడు. కనబడ్డ స్విచ్చునల్లా ఆపుకుంటూ పోతున్నాడు. గోడ స్విచ్చు ఆపేస్తే ప్లగ్గుకి కరెంటెక్కడిది?

"ఏమండీ, ఏం చేస్తున్నారు?"

"ఏం చేస్తాను? తిన్నది అరగాలని నడుస్తున్నాను."

"మీ చెయ్యెక్కడుందో చూసుకోండి."

చూసుకున్నాడు. స్విచ్చు మీద ఉంది.

"నేనా ఆపింది?" అన్నాడు. పాపం, నిజంగానే తెలియదు. కాపురం పెట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు.

"మూడ్రోజులుగా నా మతి పోతోందని తిండి సహించలేదు నాకు. మీరు పొద్దునా రాత్రీ చేసే పని ఇదా?" అని తిట్టి, మూడు గోడ స్విచ్చులూ వేసి, వాటి మీద టేపు అంటించింది. ఆ మధ్యాహ్నమే ఇస్త్రీపెట్టె పావుగంటకి తనంతట తనే ఆగింది. సాయంత్రం దోమల మిషన్ వెలిగింది.

అప్పుడే జలజ ఫోన్ చేసింది. "ఎలా ఉన్నాయమ్మా ప్లగ్గులు? వంటమనిషితో మాట్లాడనా?"

జోగారావు చెప్పొద్దని రెండు చేతులూ ఊపాడు.

"నా వంటింటికి మనుషులెవరూ అక్కర్లేదు గానీ," అంది మంగతాయారు, "నాలుగో ప్లగ్గు ఉంటే పంపవే. మీ నాన్నకి తగిలిస్తాను."

కథేమో కంచికి నడిచింది, మంచమేమో మనల్ని పిలిచింది.